అతికించిన డోర్ వైజర్లు తీసేయాలా? తీస్తే దేంతో, ఎవరితో?

కారు కిటికీల పైన చూరులా అతికించిన ప్లాస్టిక్ వైజర్లు ఎలా తీయాలని అడిగి చూడండి, తలా ఒక మాట చెబుతారు. హెయిర్ డ్రయ్యర్ పెట్టమనేవాళ్లు కొందరు, గాలం దారంతో కోయమనేవాళ్లు కొందరు. డెకార్ షాపు కుర్రాడైతే "ఏందన్నా దానికింత, స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క పట్టు పడితే ఊడొచ్చేస్తాది" అంటాడు. ఊడొస్తుంది, నిజమే. దాంతోపాటు ఇంకేం ఊడొస్తుందన్నదే ప్రశ్న. వీళ్లందరూ వైజర్‌ని చూసి సలహా చెబుతున్నారు. నా లెక్కలో మాత్రం ముందు చూడాల్సింది టేపు కింద ఏముందో. అది తేలితే హెయిర్ డ్రయ్యరా, హీట్ గన్నా, షాపా అన్నది దానంతటదే తేలిపోతుంది.

అసలు తీయాలా?

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. అద్దం కొంచెం దించుకుని నడిపే అలవాటున్నవాళ్లకి వైజర్ పనికొచ్చే వస్తువే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు పట్టుకుంటే వదలవు. చినుకు లోపల పడకుండా ఒక అంగుళం అద్దం తెరిచి పెట్టుకోవచ్చు. చిన్న ఇంజిన్ బండ్లవాళ్లు తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేసి అద్దాలు దించుతారు కదా, వాళ్లకీ మేలే. ఎండాకాలం ఎక్కడైనా పార్కింగ్‌లో వదిలినప్పుడు సన్నని సందు ఉంచితే లోపలి సెగ కొంత బయటికి పోతుంది.

ఎప్పుడూ ఏసీ వేసుకుని తిరిగేవాళ్లకి మాత్రం వీటివల్ల దక్కేది హైవే మీద గాలి రొద, అద్దం పై అంచున పేరుకునే మట్టి. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ తెల్లబారి సన్నటి పగుళ్లు వేస్తుంది. డ్రైవర్ పక్క వైజర్ ముందు కొస అలా మసకబారితే కుడివైపు తిరిగేటప్పుడు చూపుకి అడ్డం కూడా. అప్పుడు తీసేయడమే మంచిది.

ఒక కొస మాత్రమే లేచి, మిగతాది బాగుంటే మొత్తం పీకక్కర్లేదు. లేచిన చోట పాత టేపు శుభ్రంగా తీసి, కొత్త డబుల్ సైడ్ టేపు వేసి నొక్కితే సరిపోతుంది. కానీ ఆ కొసని అలాగే వదిలి నాయుడుపేట హైవే ఎక్కొద్దు. గాలి లోపలికి దూరి ఊపుతుంటే మిగతా టేపు మీద బరువంతా పడుతుంది. ఊడితే వెనకొచ్చే బైకు మీద పడుతుంది.

ఇంకోటి. మీవి అసలు అతికించినవేనా? అద్దం పూర్తిగా దించి వైజర్ పై అంచు ఎక్కడికి పోతోందో చూడండి. గ్లాసు జారే రబ్బరు గాడిలోకి దూరి ఉంటే అది గాడిలో బిగించే రకం. దానికి టేపు ఉండదు, ఉన్నా కొసల్లో కొంచెం. మధ్యలో మెల్లగా వంచితే బయటికొస్తుంది. ఈ వేడి, దారం గొడవంతా వాటికి వర్తించదు. డోర్ ఫ్రేము పైన బయటి వైపు అంటుకుని ఉంటేనే కింది సంగతులు.

టేపు కింద ఏముంది?

మూడింటిలో ఒకటి ఉంటుంది: కంపెనీలో వేసిన పెయింటు, తర్వాత బయట వేయించిన పెయింటు, లేదా నల్ల స్టిక్కరు.

కంపెనీ పెయింటు ఉంటే మీకు పెద్ద భయం లేదు. ఫ్యాక్టరీలో రంగు, దాని మీద క్లియర్ కోటు వేశాక దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అది రేకుని గట్టిగా పట్టుకుంటుంది. హెయిర్ డ్రయ్యర్ వేడికి దానికి ఏమీ కాదు, నెమ్మదిగా లాగితే టేపుతో పాటు ఊడి రాదు.

బయట షెడ్డులో వేసిన పెయింటు అలా కాదు. మంచి షెడ్డయితే 60 డిగ్రీల దగ్గర బూత్‌లో ఆరబెడతారు, మామూలు షెడ్డులో అది కూడా లేకుండా గాలికే వదిలేస్తారు. కింద పుట్టీ ఉందో, రుద్దకుండానే రంగు కొట్టారో పైనుంచి తెలియదు. అలాంటి చోట వైజర్‌ని ఒక్కసారి గుంజితే అరచెయ్యంత రంగు పెచ్చు టేపుకి అంటుకుని వచ్చేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే ఈ అనుమానం ముందే పెట్టుకోవాలి.

కనిపెట్టడం ఎలా అంటే, డోరు తెరిచి దాని చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ అంచుని వేలితో కొంచెం పక్కకి తియ్యండి. రబ్బరు మీద రంగు తుంపర గానీ, దాని కింద రంగు ఆగిపోయిన గీత గానీ కనబడితే ఆ డోరుకి మళ్లీ పెయింటు పడినట్టే. డోరు బిగించిన బోల్టుల తలల మీద రంగు చిట్లి ఉంటే ఆ డోరు ఒకసారి ఊడదీసి ఉండొచ్చు, అప్పుడూ అనుమానించాలి. ఎండలో పక్కనుంచి చూస్తే ఒక డోరు నున్నగా, ఇంకో డోరు నారింజ తొక్క మీద ఉన్నట్టు గరుకుగా కనబడటం ఇంకో గుర్తు. నాలుగు డోర్లూ విడివిడిగా చూడండి. మూడు కంపెనీవి ఉండి ఒకటి షెడ్డుది అయితే ఆ ఒక్కదానికి పద్ధతి మార్చాలి.

మూడోది నల్ల స్టిక్కరు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎక్కువ బండ్లు పాడయ్యేది ఇక్కడే. తెల్ల కారైనా, ఎర్ర కారైనా చాలా మోడళ్లలో కిటికీ చుట్టూ ఫ్రేము నల్లగా కనబడుతుంది. కొన్నిట్లో అది పెయింటు, కొన్నిట్లో కంపెనీ అంటించిన నల్ల మ్యాట్ టేపు. వైజర్ దాని మీద అంటి ఉంటుంది. వైజర్ టేపు పట్టు నల్ల స్టిక్కరు పట్టు కన్నా ఎక్కువ కాబట్టి, లాగగానే ముందు వదిలేది స్టిక్కరే. డోరు తెరిచి ఫ్రేము లోపలి వైపు చూడండి. లోపల బాడీ రంగు ఉండి, బయట నలుపుంటే, ఆ నలుపు ఎక్కడ ఆగిందో వెతకండి. సన్నటి అంచు గోటికి తగిలితే అది స్టిక్కరు. రెండు డోర్ల మధ్య నిలువు పిల్లర్ మీద ఈ అంచు తేలిగ్గా దొరుకుతుంది.

బండి వయసు కూడా చూసుకోవాలి. ఏపీ 03 నంబరు ఉన్న చిత్తూరు జిల్లా బండి అయితే అది 2019కి ముందుదే, ఆ ఏడాది నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కదా. బండి కొన్న కొత్తలోనే వైజర్లు పెట్టించి ఉంటే ఆ టేపు ఎన్ని ఎండాకాలాలు చూసిందో మీరే లెక్కేసుకోండి. మంచి టేపు, అంటే త్రీఎం వీహెచ్‌బీ లాంటి అక్రిలిక్ ఫోమ్‌ది, ఇన్నేళ్లకీ సాగే గుణం పోగొట్టుకోదు, కాబట్టి వేడి చేస్తే మాట వింటుంది. చవక రకం తెల్ల ఫోము మాత్రం పొడిపొడిగా రాలిపోయి, పసుపుపచ్చ బంక పొరని రేకు మీద వదిలేస్తుంది. అది వైజర్‌ని తేలిగ్గా వదులుతుంది గానీ శుభ్రం చేయడంలో రెండింతలు పని పెడుతుంది.

వేడి: ఎండ, హెయిర్ డ్రయ్యర్, హీట్ గన్

ఈ టేపుల గుణం ఒకటి తెలిస్తే సగం పని అయినట్టే. గబుక్కున లాగితే బిర్రబిగుసుకుంటాయి. వేడి తగిలించి నెమ్మదిగా లాగితే బెల్లం పాకంలా సాగి వదులుతాయి. అందుకే వేడి కన్నా ఓపిక ముఖ్యం. అలాగని వేడి మరీ ఎక్కువైతే ఫోము కరిగినట్టయి మధ్యకి చిరుగుతుంది, సగం వైజర్‌కి, సగం రేకుకి అంటుకుపోతుంది. కావాల్సింది గోరువెచ్చకి కాస్త ఎక్కువ. రేకు మీద వేలు పెడితే మూడు నాలుగు సెకన్లు ఓర్చుకోగలగాలి. అంతకు మించి కాలుతుంటే ఆపండి.

మన ఊళ్లో మొదటి హీటరు ఎండే, దానికి కరెంటు బిల్లు కూడా లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం బయట నిలబెట్టిన బండి డోర్ ఫ్రేము ముట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకుంటాం, ముదురు రంగు బండి అయితే మరీను. ఏప్రిల్, మే నెలల్లో తీయాలనుకుంటే బండిని ఒక పక్క ఎండ పడేలా రెండు గంటలు పెట్టి, ఆ పక్క రెండు వైజర్లూ తీసి, తర్వాత తిప్పి పెట్టండి. మీరు మాత్రం గొడుగు కిందో, చెట్టు నీడ అంచునో ఉండే ఏర్పాటు చూసుకోండి, వడదెబ్బ తగిలించుకుని సాధించేదేమీ లేదు. డిసెంబరు, జనవరి పొద్దుట పూట ఈ పని మొదలుపెట్టొద్దు. చలికి టేపు రాయిలా ఉంటుంది, ప్లాస్టిక్ కూడా పెళుసుగా ఉండి ముక్కలవుతుంది.

హెయిర్ డ్రయ్యర్ నా మొదటి ఓటు. ఇంట్లో ఉండేదే, ఎంత దగ్గర పెట్టినా రేకుని కాల్చేంత వేడి దానికి లేదు. కాకపోతే ఆలస్యం. జానెడు జానెడు చొప్పున వేడి చేసుకుంటూ పోవాలి, మొత్తం ఒకేసారి వేడి చేస్తానంటే మొదటి కొస చల్లారిపోతుంది. కరెంటు బోర్డు దాకా బండి రావాలన్నదొకటే ఇబ్బంది. అపార్టుమెంటు సెల్లార్‌లో ఉంటే పొడుగు ఎక్స్‌టెన్షన్ కావాలి, అది కూడా అంత లోడు మోయగలిగేదై ఉండాలి. సన్న వైరు చుట్ట మీద గంటసేపు డ్రయ్యర్ నడిపితే వైరే ముందు వేడెక్కుతుంది.

హీట్ గన్ చేసే పనీ ఇదే, వేగంగా. ఆ వేగమే దానితో ప్రమాదం. చాలావాటిలో తక్కువ సెట్టింగ్‌లోనే 300 డిగ్రీల దాకా వేడి గాలి వస్తుంది. వైజర్లు చేసే అక్రిలిక్ ప్లాస్టిక్ 100 డిగ్రీలు దాటగానే మెత్తబడి మెలికలు తిరుగుతుంది. షెడ్డు పెయింటు అంతకన్నా ముందే ఉబ్బుతుంది. నల్ల స్టిక్కరు ముడుచుకుపోతుంది. గ్లాసు పూర్తిగా దించకుండా గన్ పెడితే అద్దం ఒక్క చోటే వేడెక్కుతుంది, ఆ వెంటనే ఎవరో చన్నీళ్లు పోస్తే చెప్పాల్సిన పని లేదు. చెయ్యి తిరిగినవాడి చేతిలో అది మంచి పనిముట్టే, మొదటిసారి చేసేవాడికి వద్దు. కంపెనీ పెయింటు మీదే, జానెడు దూరంలో, గన్ ఆగకుండా కదుపుతూ అయితే సరే.

వేణ్ణీళ్లలో ముంచిన తువ్వాలు కప్పడం అని ఇంకొకటి చెబుతుంటారు. కప్పినంతసేపు వేడి బాగానే అందుతుంది, తీయగానే చల్లారిపోతుంది. కరెంటు లేని చోట సరిపెట్టుకోవచ్చు.

దారమా, పట్టీనా, వట్టి చెయ్యా?

వేడి చేశాక వైజర్‌ని విడదీయడానికి మూడు దారులు. వీటిలో నేను దారానికే ఓటేస్తాను. చేపల గాలానికి వాడే అల్లిక దారం అయితే మేలు. ఒంటి పోగు గాలం తీగ కూడా పనిచేస్తుంది గానీ చేతిలో జారుతుంది. పళ్ల మధ్య తీసే ఫ్లాస్ దారం తొందరగా తెగొచ్చు. పూలు కట్టే దారం అసలు ఆగదు. గాలిపటాల మాంజా మాత్రం ఎవరు చెప్పినా వాడొద్దు, దానికి గాజుపొడి పూసి ఉంటుంది. పెయింటూ పోతుంది, వేళ్లూ తెగుతాయి.

మొదలుపెట్టే ముందు బండి కడగాలి. వైజర్ పై అంచున, దాని లోపలి ఒంపులో దుమ్ము పేరుకుని ఉంటుంది. కరకంబాడి రోడ్డులో రోజూ తిరిగే బండయితే గోటితో గీస్తే ముద్దగా వస్తుంది. ఆ ఇసుక రేణువుల మీదుగా దారం రంపంలా నడిస్తే, పెయింటు మీద సన్నగీతలు వరసగా పడతాయి. నీళ్లు బలంగా కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో ఆ సందు గీకి, ఆరనిచ్చాకే దారం పట్టుకోవాలి.

పని ఇలా సాగుతుంది. గ్లాసు మొత్తం దించండి. డోరు లోపలి ప్లాస్టిక్ ట్రిమ్ మీద పాత దుప్పటి కప్పండి. ముందు డోరు వైజర్‌కి వెనక కొస, అంటే పిల్లర్ దగ్గరిది, మొదట వేడి చేయండి. ముందు కొస సైడ్ మిర్రర్ దగ్గర సన్నగా ఉంటుంది, అక్కడ వెడల్పు టేపు వేసి ఉంటారు, ప్లాస్టిక్ ముక్క కూడా పక్కనే ఉంటుంది. మొండి కొస అది, దాన్ని చివరికి వదలండి. వెనక కొస కాస్త లేవగానే దారం ఆ సందులోకి దూర్చి, ఒక చెయ్యి వైజర్ పైన, ఇంకో చెయ్యి కింద కిటికీ ఖాళీలో పెట్టుకుని, పైకీ కిందికీ మెల్లగా లాగుతూ ముందుకు జరగండి. దారాన్ని రేకు వైపు కాకుండా వైజర్ వైపు ఆనించి నడపాలి. ప్లాస్టిక్‌కి గీత పడినా అది ఎలాగూ పారేసేదే. సరిగ్గా సాగుతుంటే మెత్తటి జరజర చప్పుడు వినిపిస్తుంది. దారం బిగుసుకుపోయి చప్పుడు ఆగిందంటే టేపు చల్లారినట్టు. బలం పెట్టకండి, మళ్లీ డ్రయ్యర్ పట్టండి. చేతికి గ్లవ్స్ లేకపోతే దారం రెండు కొసలకీ చిన్న పుల్లలు కట్టుకోండి, లేదంటే రెండో డోరుకల్లా వేళ్లు కోసుకుపోతాయి.

ప్లాస్టిక్ పట్టీతో లేపడం రెండో పద్ధతి. డాష్‌బోర్డు ట్రిమ్‌లు ఊడదీయడానికి అమ్మే నైలాన్ పట్టీలు సెట్లుగా దొరుకుతాయి. కొస లేపడం వరకు అవి బాగుంటాయి. పొడుగునా వాటితోనే లేపుకుంటూ పోతే మాత్రం ప్రతిసారీ ఫ్రేము మీద ఆనించి తన్నాల్సి వస్తుంది, ఆనించిన ప్రతి చోటా నొక్కు పడే అవకాశం. పాత ఏటీఎం కార్డు ఈ పట్టీకి చవక ప్రత్యామ్నాయం, దానికి గుడ్డ చుడితే ఇంకా మంచిది. స్క్రూడ్రైవర్, వంటింటి చాకు, షేవింగ్ బ్లేడు ఈ లెక్కలోకే రావు. గీత రేకు దాకా దిగితే ఆ వానాకాలమే తుప్పు మొదలవుతుంది.

వట్టి చేత్తో లాగడం ఎండ బాగా కాసిన రోజు, కంపెనీ పెయింటు మీద, తెల్ల ఫోము చవక టేపు ఉంటే సాధ్యమే. కొసని రేకుకి దగ్గరగా, వెనక్కి మడిచినట్టు లాగాలి. బయటికి గుంజకూడదు. గుంజితే వైజర్ మధ్యకి విరుగుతుంది, విరిగిన అంచు పదునుగా ఉండి ముందు చేతికే తగులుతుంది.

ఇక నల్ల స్టిక్కరు ఉన్న బండికి పై లెక్కంతా తారుమారు. అక్కడ వేడి తగ్గించాలి, ఎందుకంటే స్టిక్కరు బంక కూడా అదే వేడికి వదులుతుంది. టేపు కాస్త మెత్తబడేంతే వేడి చేసి, దారంతో ఫోముని సరిగ్గా మధ్యకి కోసేయండి. సగం ఫోము స్టిక్కరు మీదే ఉండిపోనివ్వండి. బండి పూర్తిగా చల్లారాక ఆ మిగిలిన ఫోముని బొటనవేలితో ఒక కొస నుంచి చుట్టుకుంటూ రండి. గంట పట్టినా అదే మేలు. ఇంత జాగ్రత్తపడినా కొన్నిసార్లు స్టిక్కరు లేస్తుంది, అప్పుడు దాన్ని అంటించాలని చూడకండి, ముడత పోదు. చాలా మోడళ్లకి ఆ నల్ల టేపు డోరు కొలతకి కోసినదే కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లో దొరుకుతుంది, లేదా స్టిక్కర్ షాపులో మ్యాట్ నలుపు వినైల్ కొలత తీసి వేయించుకోవచ్చు. ఒక డోరుకే వేయిస్తే పక్క డోరు నలుపుతో కలవదు, రెండింటికీ వేయించండి.

మిగిలిన బంక

వైజర్ చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని ఇప్పుడే. ముందు రసాయనాల జోలికి పోకుండా వేలితో రుద్ది, చుట్టి ఎంత వస్తే అంత తీయాలి. మంచి అక్రిలిక్ టేపయితే వెచ్చగా ఉన్నప్పుడు నెమ్మదిగా లాగితే రిబ్బన్‌లా పొడుగ్గా వచ్చేస్తుంది. ఎండలో వైజర్లు తీసినా, ఈ పనికి మాత్రం బండిని నీడలోకి మార్చండి. వేడి రేకు మీద ఏ ద్రవం పోసినా బంకని నానబెట్టకముందే ఆవిరైపోతుంది, మరకలు వదులుతుంది.

తర్వాత దేంతో తుడవాలన్నది. తారు మరకలు తీయడానికి కార్ల సామాన్ల షాపుల్లో అమ్మే రిమూవర్ అన్నిటికన్నా నమ్మకమైనది. పెయింటు మీద వాడటానికే చేసింది. అది దొరక్కపోతే తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40, లేదా పెయింట్ల షాపులో దొరికే టర్పెంటైన్. కిరసనాయిలు కూడా ఇదే పని చేస్తుంది గానీ ఈ రోజుల్లో రేషన్ షాపులో అదెక్కడుంది! ఇవన్నీ నూనె జాతివి. గుడ్డ తడిపి బంక మీద అయిదు నిమిషాలు ఆనించి ఉంచితే పని చేస్తాయి, రుద్దితే కాదు. ఇంకో జాగ్రత్త: డోరు బీడింగ్, గ్లాసు రబ్బరు నూనెలు పీలిస్తే ఉబ్బుతాయి, వదులవుతాయి. ద్రవాన్ని రేకు మీద పోయకండి, గుడ్డ మీద పోసుకోండి. రబ్బరుకి తగిలినది వెంటనే సబ్బు నీళ్లతో తుడిచేయండి. నల్ల స్టిక్కరు అంచుల్లోకి కూడా ఇవి పాకుతాయి, అక్కడ చుక్క కూడా వద్దు.

కొబ్బరినూనె, నీలగిరి తైలం అంటుంటారు పెద్దవాళ్లు. పల్చటి బంక మిగిలితే పనికొస్తాయి, మందపాటి ఫోము దగ్గర ఓడిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెడికల్ షాపులో దొరుకుతుంది, బంకని కరిగించడంలో అది అంతంతమాత్రమే. చివర్లో నూనె జిడ్డు తుడవడానికి మాత్రం దాన్ని మించింది లేదు. శానిటైజర్ దీని బదులు పనికిరాదు, దాన్లో జిగటకి కలిపినవేవో మళ్లీ మరకలవుతాయి.

పెట్రోలు వద్దు. రబ్బరుకీ మంచిది కాదు, పైగా పక్కనే డ్రయ్యర్ ఉంటుంది. గోళ్ల రంగు తీసే ద్రవం, పెయింటర్లు వాడే ఎన్‌సీ థిన్నర్ ఈ రెండూ బంక కన్నా ముందు పెయింటునీ, నల్ల ప్లాస్టిక్ ముక్కల్నీ తింటాయి. షెడ్డు పెయింటు మీద థిన్నర్ గుడ్డ ఒక్కసారి వేస్తే రంగు గుడ్డకి వచ్చేస్తుంది.

డ్రిల్లుకి తగిలించే రబ్బరు చక్రం ఒకటుంటుంది, స్టిక్కర్ షాపుల వాళ్లు పాత గీతల స్టిక్కర్లు తీయడానికి వాడతారు. తిప్పి ఆనిస్తే బంక పేలికలు పేలికలుగా రాలిపోతుంది, చూడముచ్చటగా ఉంటుంది. నాలుగు డోర్లకీ మందపాటి ఫోము మిగిలితే అన్నిటికన్నా వేగం దీనిదే. కంపెనీ పెయింటు మీదే వాడాలి. డ్రిల్లు నిదానంగా తిప్పాలి, ఒక్కచోట ఆపకూడదు. గ్రైండర్‌కి తగిలిస్తే వేగం పట్టలేక రేకుని కాల్చేస్తుంది.

షాపుకిస్తే ఎవరికి?

డోరుకి మళ్లీ పెయింటు పడి ఉండో, మీకు టైం లేకో, ఓపిక లేకో ఇవ్వాలనుకుంటే ఎవరికివ్వాలో చూసుకోండి. సీటు కవర్లు, మ్యాట్లు అమ్మే డెకార్ షాపులకి వైజర్లు అతికించడం వచ్చినంత బాగా తీయడం రాదు. వాళ్ల రాబడి అతికించడంలోనే ఉంది. డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు వాళ్లకి మాత్రం పెయింటు గుణం తెలుసు, ముట్టుకుని ఇది తర్వాత వేసిన రంగని చెప్పేస్తారు. కాకపోతే "రంగు లేస్తే ఏముందన్నా, మళ్లీ కొడదాం" అనేది కూడా వాళ్లే. పాలిష్, కోటింగ్ చేసే డీటెయిలింగ్ వాళ్లకి ఇస్తే రేటు ఎక్కువ, కానీ బంక తీయడం, తర్వాత మిగిలే గీతని పాలిష్ చేయడం రెండూ ఒక్క చోటే అవుతాయి. షెడ్డు పెయింటు ఉన్న బండి అయితే నేను వీళ్లకే ఇస్తాను.

ఎవరికిచ్చినా ముందు రెండు మాటలు అడగండి. దేంతో లేపుతారు, బంక దేంతో తుడుస్తారు? మొదటిదానికి స్క్రూడ్రైవర్ అనో, రెండోదానికి థిన్నర్ అనో జవాబొస్తే బండి తిప్పుకుని వచ్చేయండి. పాలిష్ ఆ రేటులోనే కలిసిందా, విడిగానా అన్నది కూడా ముందే తేల్చుకోండి. వదిలేసి వెళ్లేముందు నాలుగు ఫ్రేముల ఫొటోలు తీసి పెట్టుకుంటే తర్వాత మాటామాటా రాదు.

తీసిన తర్వాత

ఏళ్ల తరబడి టేపు కింద ఉన్న రంగు ఎండ చూడలేదు, చుట్టుపక్కలది చూసింది. కాబట్టి టేపు ఉన్న చోట ఒక పట్టీలా ముదురుగా కనబడుతుంది. ఎరుపు, నీలం బండ్లలో బాగా తెలుస్తుంది, తెలుపులో దాదాపు తెలియదు. సన్నరకం పాలిష్‌ని చేత్తోనే చుట్టుపక్కల రంగు మీద రుద్దితే తేడా చాలావరకు తగ్గుతుంది. రబ్బింగ్ కాంపౌండ్ పేరుతో దొరికే గరుకు రకం వద్దు, ఫ్రేము అంచుల్లో క్లియర్ కోటు పల్చగా ఉంటుంది, గబుక్కున లేచిపోతుంది. ఆఖర్న వ్యాక్స్ ఒక పూత. బోరు నీళ్లతో కడిగితే ఆరకముందే తుడవండి, లేదంటే కొత్తగా నున్నగా వచ్చిన చోటే ఉప్పు మచ్చలు పడతాయి.

మళ్లీ ఎప్పుడైనా వైజర్లు కావాలనిపిస్తే, ముఖ్యంగా మీ ఫ్రేము మీద నల్ల స్టిక్కరు ఉంటే, గాడిలో బిగించే రకమే తీసుకోండి. పెట్టిన వెంటనే అద్దం చివరిదాకా ఎక్కుతోందో లేదో చూడండి. బటన్ ఒక్కసారి నొక్కితే అద్దం దానంతటదే పైకెళ్లే బండ్లలో, గాడి ఇరుకైతే ఏదో అడ్డం తగిలిందనుకుని అద్దం మళ్లీ కిందికి దిగిపోతుంది. అలా జరిగితే వైజర్ వెనక్కిచ్చేయండి.